రాతి మీద సాయిలు పేరు

నాంపల్లిలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో నేను సీనియర్ ఫోటోగ్రాఫర్‌గా పనిచేశాను. పదవీ విరమణకు ఐదేళ్ల ముందు, ఒక నవంబరులో, తూర్పు తీరంలోని రేవు పట్నానికి వెళ్లి అక్కడి నౌకాదళ అమరుల స్మారకాన్నీ, మ్యూజియంగా మార్చిన పాత యుద్ధనౌకనూ ఫొటోలు తీసుకురమ్మని ఉత్తర్వు వచ్చింది.

బయలుదేరే ముందురోజు మల్లమ్మ ఆఫీసుకు వచ్చింది. మా దగ్గరే అటెండరుగా చేసి రిటైరైంది. స్టేషన్ వెనక ఒక గదిలో ఒంటరిగా ఉండేది. ఆమె భర్త సాయిలు నౌకాదళంలో ఇంజన్ గదిలో పనిచేసేవాడు. పెళ్లయిన రెండో ఏడు యుద్ధంలో ఓడతోపాటు మునిగిపోయాడు. శవం దొరకలేదు.

"సారూ, మా ఆయన పేరు గాడ రాయి మీద ఉన్నదంట. నేనెన్నడు సూడలే. జర ఫొటో తీస్కరాండ్రి" అంది. అతని సర్వీసు నంబరు రాసిన కాగితం చేతిలో పెట్టింది.

నున్నటి నల్లరాయిని ఫొటో తీయడం కష్టం. అద్దంలా మన బొమ్మే కనిపిస్తుంది. ఫ్లాష్ వేస్తే అక్షరాలు మాయమైపోతాయి. పొద్దున్నే ఎండ పక్కనుంచి పడేటప్పుడు, చెక్కిన గాట్లలో నీడ నిలిచే కాసేపట్లోనే తీయాలి. అలాంటి వెలుతురులోనే నంబరు దొరికింది. దాని ఎదురుగా ఇంగ్లిషులో 'బి. సెయిలర్' అని ఉంది. సాయిలు అన్న పేరు చూసి, నావికుడు అని అర్థమున్న 'సెయిలర్' మాటనే ఎవరో తప్పుగా రాశారనుకుని, జాబితా రాసినవారు దాన్ని దిద్దేసినట్టున్నారు.

మధ్యాహ్నం పాత నౌకలో ఇంజన్ గదికి దిగాను. పైకి రావడానికి ఇనుప నిచ్చెన ఒక్కటే. కెమెరా స్టాండు కాళ్లు చాపడానికి కూడా చోటు లేదు. నాలుగు ఫొటోలు తీసి, ఊపిరాడక పైకి వచ్చేశాను.

రికార్డు ఫొటోలో వెలుతురు సవరించవచ్చు గాని, ఉన్నదాన్ని మార్చకూడదు. కొత్తగా చేరినవారికి ఆ మాట చెప్పేవాణ్ని నేనే. మల్లమ్మకు ఇంగ్లిషు రాదు. అయినా పింఛను పుస్తకంలో చూసి చూసి భర్త పేరు రూపం ఆమెకు తెలుసు. అందుకని 'సెయిలర్' చివరి రెండు ఇంగ్లిషు అక్షరాలు చెరిపి, అదే రాతి మీది మరో పేరులోంచి 'యు' అక్షరం తీసి, నీడ ఒకే వైపు పడేలా కంప్యూటర్లో అతికించాను. ఆబిడ్స్‌లో ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి ఇచ్చాను. ఆమె పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసింది. "ఔ, గిదే" అంది.

నేను రిటైరైన మరుసటి ఏడు మల్లమ్మ ఆబిడ్స్ పోస్టాఫీసులో కనిపించింది. స్మారకంలో పాత రాళ్లు తీసి కొత్తవి పెడుతున్నారట. పేర్లలో తప్పులుంటే నెలలోగా తెలపమని కుటుంబాలకు ఉత్తరాలు వచ్చాయట.

"మా ఆయన పేరు మంచిగనే ఉన్నదని అప్పుడే రాయించి పంపిన సారూ" అంది సంతోషంగా.

ఇంటికి వెళ్లి అసలు ఫొటో జతచేసి, తప్పు వివరిస్తూ దరఖాస్తు పంపాను. రెండు నెలలకు జవాబు వచ్చింది: కుటుంబం ధ్రువీకరించిన ప్రకారం పాత జాబితానే చెక్కడం పూర్తయింది; మళ్లీ మరమ్మతులు జరిగినప్పుడు పరిశీలిస్తారు.

ఆ ఉత్తరం తీసుకుని మల్లమ్మ గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆమె గోడమీది ఫొటో వైపు చూసింది.

"నాకు చెప్పకపోతిరి సారూ. తప్పున్నదని ఎరికైతే నేనే కొట్లాడుతుంటి గద" అంది. కోపంగా అనలేదు. ఫొటో దింపి నా చేతికిచ్చి, "అసలుది ఇయ్యుండ్రి" అంది.

ఇచ్చాను. రెండేళ్లకు ఆమె పోయింది. రాతి మీద సాయిలు పేరు ఇప్పటికీ లేదు.

తప్పును ఉన్నది ఉన్నట్టు చూపిస్తే ఆమె ఆరోజు ఏడ్చి ఉండేది. దాన్ని దిద్దించుకునే హక్కు మాత్రం ఆమె చేతిలో ఉండేది. ఆ హక్కును నేను ఆమెను అడక్కుండానే తీసేశాను.