అన్నీ ఆపి, పది లెక్కపెట్టి

ఆ రోజుల్లో మా రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్ళే కుర్రాళ్ళకు రాని పనంటూ ఉండేది కాదు. నీకేం వచ్చునని అడిగితే మీకేం కావాలని అడిగేవాళ్ళం. నేను ఇంటి డ్రైవరుగా వెళ్ళాను, డ్రైవింగు నిజంగానే వచ్చు. అబద్ధమాడింది తర్వాతి ప్రశ్నకు. మా కఫీల్, అంటే నన్ను తెప్పించుకున్న ఇంటి యజమాని (ఆయన్ని బాబా అనేవాళ్ళం), ఒకరోజు పిలిచి జనరేటర్ సంగతి తెలుసా అన్నాడు. తెలుసన్నాను. జనరేటర్‌తో నాకున్న పరిచయమల్లా పెళ్ళి ఊరేగింపుల్లో ట్యూబులైట్ల వెనకాల దాని బండిని తోయడమే. తోయడం కూడా తెలియడం కిందికే వస్తుందని ఇరవై మూడేళ్ళ వయసులో మనస్ఫూర్తిగా నమ్మాను.

జనరేటర్ అవసరం వాళ్ళమ్మ కోసం వచ్చింది. ఆవిడకు ఊపిరితిత్తులు సగం పోయాయి. ఫింటాస్‌లోని ఆ ఇంట్లో ఆవిడ మంచం పక్కన సూట్‌కేసంత ఆక్సిజన్ మిషను రాత్రింబవళ్ళు గురుగురుమంటూ ఉండేది. దాన్నుంచి ఒక సన్నటి గొట్టం ఆవిడ ముక్కు దాకా వచ్చేది. ఇంటి యజమానురాలిని మామా అనడం అక్కడి అలవాటు కాబట్టి, ఈవిడ మాకు పెద్దమామా అయింది. 'మాకు' అంటే నాకూ, ఆవిడను చూసుకోవడానికి పెట్టుకున్న రాజోలు వైపు అక్కకూ. చలికాలం రాగానే కువైటీలు ఎడారిలో డేరాలు వేసుకుని వారాల తరబడి ఉంటారు. ఈసారి నేనూ వస్తానని పెద్దమామా పట్టుబట్టింది. మిషను ఆగకూడదని డాక్టరు, ఇసుక చూడకుండా పోనని ఆవిడ. చివరికి బాబా ఒక పాత ఇల్లుబండి కొన్నాడు. బస్సంత బండి, లోపల మంచం, పొయ్యి, స్నానాలగది, ఫ్రిజ్, గీజరు, హీటరు. మా ఊళ్ళో మేము ఆరుగురం ఉండే ఇంట్లో ఇందులో సగం లేవు.

ఆ బండికి రెండు రకాల కరెంటు. ఎడారిలో ఉంటే వెనకాల పెట్టెలోని జనరేటర్, ఏదైనా తోటకో క్యాంపుకో చేరితే అక్కడి గోడకున్న బోర్డు నుంచి లావుపాటి వైరు. రెండూ ఒకేసారి కలవకుండా వర్క్‌షాపు మిస్త్రీ ఒక మీట బిగించాడు. ఎడమకు తిప్పితే జనరేటర్, కుడికి తిప్పితే బయటి కరెంటు, మధ్యలో ఉంటే ఏదీ లేదు. బండి అప్పగించేటప్పుడు ఆయన హిందీలో ఒక్కొక్కటే వేళ్ళు మడిచి చెప్పాడు. "పహలే సబ్ బంద్ కరో. ఫిర్ బీచ్ మే లావో. ఫిర్ దస్ తక్ గినో." ముందు లోపలివన్నీ ఆపు, తర్వాత మీట మధ్యకు తే, తర్వాత పది లెక్కపెట్టు, ఆ పైనే రెండో వైపుకు తిప్పి ఒక్కొక్కటే వేసుకో అని. బండి కిటికీ పక్కన కూర్చున్న పెద్దమామా, హిందీ కాస్త తెలిసిన మనిషి, తన జపమాల ఆపి మరీ విన్నది. నేను బుద్ధిమంతుడిలా తలూపుతూ, ఈయనెవరో బాగా భయస్తుడనుకున్నాను.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మా వైపు కరెంటు పోతే ఎవరూ స్విచ్చులు ఆపరు. ఆపితే, వచ్చిన సంగతి ఎలా తెలుస్తుంది? వసారాలో బల్బు వేసే ఉంచుతాం, అది వెలగగానే పిల్లలంతా "వచ్చె" అని కేకేస్తారు. చేలో బోరు మోటారు కూడా అంతే. కరెంటు ఏ వేళకొచ్చినా దానంతటదే తిరిగేట్టు వదిలేసి వచ్చి పడుకుంటాం. స్విచ్చు ఆపడమంటే మా దృష్టిలో ఆశ వదిలేసుకోవడమే. ఆ ప్రకారం నేను మొదటి రెండుసార్లు లోపల అన్నీ నడుస్తుండగానే మీట మార్చాను. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. మారే ఆ కాసేపు అక్క సీటు కింద ఉండే చిన్న ఆక్సిజన్ సిలిండర్ తిప్పి, గొట్టం దానికి తగిలించేది. అది ఆవిడ బాధ్యత. మీట నా బాధ్యత.

మూడోసారి సంగతి. ఎడారిలో పదో రోజు మధ్యాహ్నం ఆకాశం ఎర్రబడి దుమ్ముగాలి మొదలైంది. బాబా కంగారుపడి, అమ్మను తీసుకుని వఫ్రాలోని తోటకు వెళ్ళిపొమ్మన్నాడు. తను డేరాలు విప్పించి వెనక వస్తానన్నాడు. బండిలో నేను, అక్క, పెద్దమామా. తోట చేరేసరికి దుమ్ము మింగిన జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మిషను గురుగురు ఆపి, కూ కూ అని కూయడం మొదలుపెట్టింది. కరెంటు లేదని చెప్పే కూత అది. అక్క సిలిండర్ కోసం సీటు కిందికి వంగింది. వంగినావిడ చాలాసేపు లేవలేదు. తర్వాత నా వైపు చూసింది.

"తమ్ముడూ, ఇక్కడి సిలిండర్ ఏది?"

ఆ పొద్దున రెండు బొగ్గు మూటలు పెట్టడానికి చోటు చాలక సిలిండర్ తీసి డేరాలో పెట్టింది నేనే. మళ్ళీ పెడదామనుకుని మరిచిపోయాను. నా ముఖం చూసి ఆవిడకే అర్థమైంది. లేచి వెళ్ళి పెద్దమామాను దిండుకు ఆనించి కూర్చోబెట్టింది. తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేది. బాబాకు ఫోన్ చేస్తే ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు, అరగంట పడుతుందన్నాడు. ఆసుపత్రి గంట దూరం.

వైరు తీసుకుని బోర్డు దగ్గరికి పరిగెత్తాను. తోటలో నీటి మోటార్లు చూసే మామ ఒకాయన ఉండేవాడు, మా కడప జిల్లా మనిషే, యాభై దాటినవాడు. ఇద్దరం కలిసి వైరు తగిలించాం, మీట కుడికి తిప్పాను. టప్పుమని బోర్డులో బ్రేకర్ పడిపోయింది. ఎత్తాం, పడింది. మళ్ళీ ఎత్తాం, మళ్ళీ పడింది. మామ తీరిగ్గా తల గోక్కున్నాడు.

"లైన్లోనే ఏదో పోయింటాదబ్బీ. కొంచేపు చూద్దాం, అదే వస్తాది."

నాకూ అదే సబబనిపించింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, లోపల ఒక ముసలావిడ గాలి కోసం తన్నుకుంటుంటే, ఇద్దరు రాయలసీమ మగాళ్ళం ఆ గాలిదుమారంలో నిలబడి, వెలుగుతుందేమోనని బండిలోని బల్బు వైపు చూస్తున్నాం. అలా ఎంతసేపు చూసేవాళ్ళమో. అక్క తలుపు తీసుకుని మెట్టు మీదికొచ్చింది.

"హీటరు ఆపేవా? గీజరు ఆపేవా?"

"ఆపితే కరెంటొచ్చేది ఎట్ల తెలుస్తాదక్కా?" అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను.

"లోపల మిషను కూస్తోంది కదయ్యా. ఆ కూత ఆగితే తెలుస్తుంది. ముందు ఇలా రా, ఆవిడేదో చెప్తోంది."

పెద్దమామా దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి. మాటకూ మాటకూ మధ్య ఆగి ఆగి గాలి వెతుక్కుంటోంది. వేలితో హీటరు వైపు చూపింది, ఫ్రిజ్ వైపు చూపింది, తర్వాత అరచెయ్యి గాలిలో అడ్డంగా ఊపింది. "బన్నిద్," అంది. "కుల్లు బన్నిద్." ఆపు, అన్నీ ఆపు. మిస్త్రీ చెప్పిన మొదటి మాట. నేను తలూపి వదిలేసిన దాన్ని ఆవిడ దాచుకుంది.

అక్క ఒకవైపు నుంచి, నేను ఒకవైపు నుంచి అన్నీ ఆపుకుంటూ వచ్చాం. హీటరు, గీజరు, ఫ్రిజ్, పొయ్యి, చివరికి నేను నమ్ముకున్న ఆ బల్బు కూడా. అన్నీ ఒకేసారి లాగుతుంటే ఆ బోర్డు మాత్రం ఏం చేస్తుంది? మీట మధ్యకు తెచ్చాను. మామ బ్రేకర్ ఎత్తాడు, ఈసారి నిలబడింది. తిప్పబోతుంటే పెద్దమామా చెయ్యెత్తి ఆపింది. ఊపిరి లేని మనిషి, జపమాల మీద పూసలు జరపడం మొదలుపెట్టింది. వాహెద్, ఇత్నేన్, తలాతా... పది పూసలు. నా జీవితంలో అంత పొడవైన లెక్క ఇంకొకటి లేదు. పదో పూస దగ్గర "యల్లా" అంది. మీట తిప్పాను. కూత ఆగి, గురుగురు మొదలైంది.

ఐదు నిమిషాలకు ఆవిడ పెదవుల్లోకి రంగు తిరిగొచ్చింది. నేను బండి వెనక్కి వెళ్ళి, ఆ పాడు జనరేటర్ పక్కన కూర్చుని ఏడ్చాను. మామ వచ్చి పక్కన కూర్చున్నాడు. "మనకు ఆపడం చాతగాదబ్బీ," అన్నాడు.

బాబా రాగానే నిజం చెప్పేశాను. సిలిండర్ సంగతి, బొగ్గు సంగతి, చివరికి పెళ్ళి ఊరేగింపు సంగతి కూడా. (ఆ తోపుడుబండిని అరబ్బీలో వివరించడానికి నేను పడ్డ పాట్లకు ఇంకో సమయంలోనైతే ఎవరైనా నవ్వి ఉండేవారు.) ఆయన చెయ్యి చాపాడు. బండి తాళాలిచ్చాను. ఖలాస్, టికెట్ కొట్టి పంపేస్తాడు, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు పోయింది, అప్పుడప్పుడే గోడలు లేచిన మా ఇల్లు అలాగే ఉండిపోతుంది అనుకున్నాను. లోపల్నుంచి పెద్దమామా ఏదో అంది. బాబా తాళాలు తిరిగి నా చేతిలో పెట్టాడు. ఏమందని అక్కను అడిగాను.

"కొత్తవాణ్ణి తెస్తే వాడు కూడా నా ఊపిరి మీదే నేర్చుకోవాలి, ఈ వెధవకి ఎలాగూ నేర్పేను కదా అందయ్యా," అంది అక్క. 'వెధవ' అన్నది పెద్దమామా మాటో, అక్క సొంతంగా కలిపిందో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఆ చలికాలమంతా మీట మార్చినప్పుడల్లా అదే తంతు. అక్క సిలిండర్ తిప్పేది. నేను అన్నీ ఆపి, మీట మధ్యకు తెచ్చి, చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. పెద్దమామా పూసలు లెక్కపెట్టేది. ఒకోసారి కావాలని ఏడు దగ్గర ఆగి, కంగారుపడతానేమోనని నా ముఖం చూసేది. కంగారుపడేవాణ్ణి. ఆవిడ నవ్వి, మిగిలిన మూడూ జరిపేది. మా అమ్మ తర్వాత నన్ను అలా ఆటపట్టించిన మనిషి ఆవిడొక్కతే.

మరుసటి ఎండాకాలం ఆసుపత్రిలో ఆవిడ పోయింది. ఇల్లుబండిని అమ్మేశారు. కొనేవాళ్ళకు చూపించడానికి చివరిసారి జనరేటర్ నుంచి ఇంటి కరెంటుకు మార్చాను. అన్నీ ఆపాను, మీట మధ్యకు తెచ్చాను, లెక్క కోసం ఎదురుచూశాను. కిటికీ పక్కన ఖాళీ కుర్చీ. నేనే లెక్కపెట్టాల్సి వచ్చింది. ఏడు దగ్గర ఆగి, అలవాటుగా ఆ కుర్చీ వైపు చూశాను. కొనడానికొచ్చినాయన స్విచ్చు పాడైందేమోనని అనుమానపడ్డాడు.

ఇప్పుడు రాయచోటిలో ఉంటున్నాను, గోడలు లేచిన ఆ ఇల్లే, పైకప్పు కూడా పడింది. ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోగానే లేచి ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ ఆపుకుంటూ వస్తాను. "ఆ వసారా బల్బన్నా ఉండనీ, వచ్చేది తెలుస్తాది," అంటుంది మా ఆవిడ. ఉండనివ్వను. మొన్న అలాగే ఇద్దరం ఆగిపోయిన ఫ్యాను కింద చెమటలు కక్కుతూ కూర్చున్నాం. ఎంతకీ రాదే అనుకుంటుంటే ఎదురింట్లో మిక్సీ మోగింది. వచ్చి ఎంతసేపయిందో ఏమో. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. లేచి వెళ్ళి ఫ్యాను స్విచ్చు మీద వేలు పెట్టి, "వాహెద్," అన్నాను. "ఇంకా లెక్కలేంది, వెయ్యి," అని ఆవిడ కేకేసింది. ఏడు దగ్గర కొంచెం ఆగి, మిగిలిన మూడూ లెక్కపెట్టి, అప్పుడు వేశాను.