జవళి అంగడిలో వీరగల్లు

మా గోడ పక్క జవళి అంగడి మామ ఆదివారం పొద్దున పోయాడు. అంగడి మూసి ఉండటం చూసి చీరలకు వచ్చినవాళ్లు వెనుదిరిగారు. మ్యూజియం చూడటానికి వచ్చిన ఇద్దరు మాత్రం అరుగు మీద కూర్చుండిపోయారు. మామ ఉండి ఉంటే సంతోషించేవాడు.

రాయదుర్గంలో మ్యూజియం అంటే అంగడి వెనక ఉన్న మామ ఇంటి నడవే. ముందు చీరలు, వెనక చరిత్ర. పెండ్లి చీరలకు వచ్చినవాళ్లను ముందు నడవలోకి తీసుకుపోయి తుప్పు పట్టిన కత్తి చూపించేవాడు. పెండ్లికూతురి తల్లులు జడుసుకునేవాళ్లు. బేరం చెడిందని అత్త గొణిగేది. నేను చదువుకున్న బడి కూడా ఆ నడవే అనుకోండి. కానీ నా సంగతి ఎత్తుకుంటే మామ వెనకబడతాడు.

అన్నిటికంటే మామకు ప్రాణం వీరగల్లు. పశువులను తోలుకుపోయే దొంగలతో పోరాడి చచ్చిన ఎవరో వీరుడి బొమ్మ, కింద రెండు వరుసల పాత కన్నడం. గుమ్మఘట్ట వైపు ఒక పల్లెలో చేను చదును చేస్తూ రైతు పక్కకు తోసిన రాయి అది. అతను తీసుకుపొమ్మంటే మామ బండి మీద తెచ్చాడు. తరాలుగా పేరుకున్న నూనె, పసుపు పోవాలని చింతపండుతో రుద్దించాడు. రాగిచెంబుకు చేసే మర్యాద రాయికి చేశాడన్నమాట. దాన్ని చూడటానికి అనంతపురం నుంచి ఒక అధికారి వస్తానన్నాడు. మెచ్చితే పాత సత్రాన్ని మ్యూజియానికి ఇప్పిస్తానన్నాడు. ఇంకేం, ఏ గదిలో ఏది పెట్టాలో మామ మాకు రోజూ వినిపించేవాడు.

అది డెబ్బైల్లో వానలు వరుసగా ఎగ్గొట్టిన కాలం. అధికారి రేపు వస్తాడనగా ఆ పల్లె జనం ఖాళీ బండి తోలుకుని వచ్చారు. రాయి ఇచ్చిన రైతు తల వంచుకుని వెనక నిలబడ్డాడు. రాయిని చూసి ఒకాయన బిత్తరపోయాడు.

“ఏమన్నా, మా సామిని ఇట్ల బోడిగా కడిగి పెట్టినావే.”

రాయి పోయినాకే మేఘం పోయిందని వాళ్ల మాట. ఒక్కరోజు ఆగమని మామ బతిమాలాడు. రేపు అమావాస్య, ఈ పొద్దే నిలబెట్టాలన్నారు. మామకు కోపం వచ్చింది.

“ఈ రాయి ఆడ ఉన్నప్పుడు మీకు వానలు పడినాయా?”

జవాబు ఒక ముసలవ్వ చెప్పింది. “యాడ పడినాయి నాయనా. అయినా అడిగేదానికి ఒగడుండె.”

మామ తానూ ఒక చెయ్యి వేసి రాయిని బండెక్కించాడు. అవ్వ ఆ రాయి నిలిచిన చోట పసుపునీళ్లు చల్లి, కుంకుమ పెట్టి వెళ్లింది.

మరునాడు అధికారి వచ్చి, నేల మీద పసుపు మరక చూసి, మజ్జిగ తాగి వెళ్లాడు. సత్రం రాలేదు. ఆ ఏడు వానా రాలేదు. నేను ఓదార్చబోతే మామ అన్నాడు: “చూసేదానికి ఇచ్చినారప్పా, దాచుకునేదానికి కాదు.”

తమాషా ఏమంటే, జనమే సామాను తెచ్చి ఇవ్వడం ఆ తర్వాతే మొదలైంది. అడిగితే తిరిగి ఇస్తాడని పేరు పడింది మరి. విడపనకల్లు నుంచి ఒకాయన తన తాత బావి నీళ్లు తోడిన తోలుబొక్కెన తెచ్చాడు. ఇంకొకరు దేవుడి గూట్లోని రాగిరేకే తెచ్చారు. నడవంతా నిండిపోయింది, రాయి నిలిచిన ఆ కాస్త జాగా తప్ప. మరక ఎప్పుడో చెరిగిపోయింది. అయినా అక్కడ ఎవరూ ఏమీ పెట్టలేదు. కాలు కూడా పెట్టలేదు.

ఆదివారం సాయంత్రం మామను లోపలి గదిలోంచి మోసుకొస్తున్నాం. నడవ ఇరుకు. ఆ జాగా దగ్గరికి రాగానే ముందు పట్టినవాళ్లు, ఎవరూ చెప్పకుండానే, గోడకు ఒరుసుకుంటూ చుట్టు తిరిగారు. వెనక మేమూ అట్లే తిరిగాం.