అమ్మకి రిలీవరు

మొన్న ఆదివారం తమ్ముడొచ్చి, అమ్మకిక ఒంటరిగా కుదరదు, వృద్ధుల వసతి గృహంలో చేర్పిద్దామా, ఇంట్లోనే నర్సుని పెడదామా, తేల్చమని కూర్చున్నాడు. నాకు తేల్చడం రాలేదు గానీ మామ్మ గుర్తొచ్చింది. డెబ్బైల్లో, ఎనభైల్లో విశాఖలో ఉన్నవాళ్ళెవరైనా మా మామ్మ గొంతు వినే ఉంటారు, ఎందుకంటే తగరపువలస దగ్గర మా ఊళ్ళో ఆవిడ కోళ్ళని అదిలిస్తే, ఇక్కడ హార్బరులోకి రాబోయే ఓడలు తమనే అనుకుని ఆగిపోయేవి. సగం నమ్మండి, చాలు.

అంతటి మనిషి నూతి గట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంటే, పోర్టులో క్రేను నడిపే నాన్న ఆవిడని మా రెండు గదుల క్వార్టరుకి తెచ్చేశాడు. లేపడం, కూర్చోబెట్టడం, స్నానం, తిండి, మలమూత్రాలు ఎత్తిపోయడం, అన్నీ అమ్మే. నేనేమో గోపాలపట్నంలో టైపు నేర్చుకునే వంకతో మాయమయ్యేదాన్ని, ఆ పరీక్ష పాసై ఆర్నెల్లయినా ఇంట్లో చెప్పలేదు.

ఏడాది తిరిగేసరికి, ఒక పొద్దున మామ్మని లేపబోయి అమ్మే కూలబడింది. ఇక బరువెత్తితే నడుము దక్కదన్నాడు డాక్టరు. భీమిలి దారిలో ముసలివాళ్ళని చూసే ఆశ్రమం ఉందని ఎవరో చెప్పారు. కన్నతల్లిని ఆశ్రమంలో పెడితే ఊళ్ళో తలెత్తుకోలేనని నాన్న గింజుకున్నాడు. చివరికి చూసైనా వద్దామని మామ్మనీ టాక్సీ ఎక్కించాం. ఆవిడ అక్కడి పైకప్పు లేపేసి వస్తుందని నాకు గట్టి నమ్మకం.

లేపలేదు. దుప్పట్లు తడిమి చూసింది, చారులో ఉప్పు లేదంది, తనని పట్టి లేపిన ఆయాని మాత్రం ఒక్కటే అడిగింది.

"ఓలమ్మీ, నువ్వింటికెప్పుడెల్తావు?"

"రెండింటికి దిగిపోతాను మామ్మా, నా తరవాతామె ఎక్కుతాది."

అంతే, మామ్మ నోరు మూతపడింది. తిరుగు దారంతా తెరుచుకోకపోతే టాక్సీ డ్రైవరే భయపడి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటికొచ్చి మంచం మీద పడుకోబెడుతుంటే నాన్న చెయ్యి పట్టుకుంది.

"ఒరే, రిలీవరు రాకపోతే నువ్వు క్రేను దిగుతావేట్రా?"

"దిగకూడదమ్మా. ఆడొచ్చాకే దిగాలి."

"మరి నీ పెళ్ళానికెవల్రా రిలీవరు? ఏడాదైనాది, ఆ పిల్ల డ్యూటీ ఎక్కడమే గానీ దిగడం నాను సూడనేదు. నన్నక్కడ ఒగ్గీ. నేదంటే నువ్వెక్కు."

గాల్లో టన్నుల సరుకు తిప్పే మనిషి చొక్కా విప్పి, తువ్వాలు నడుముకి చుట్టి, ఆవిడని ఎలా లేపాలో చూపించమని అమ్మనే అడిగాడు. నేను నెమ్మదిగా గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి మామ్మ గొంతు లేచింది. "నీ టైపయిపోనాదని నాకు తెల్దనుకున్నావేటే? సాయంత్రం నీదే." ఎలా తెలిసిందో ఈనాటికీ అంతుపట్టలేదు.

నాన్న మొదటిసారి మామ్మ డ్యూటీ ఎక్కిన ఆ మధ్యాహ్నం అమ్మ చెప్పులేసుకుని గేటు దాకా వచ్చి ఆగిపోయింది, ఎక్కడికెళ్ళాలో తెలీక. నేనే ఓడలొచ్చే కాలువ గట్టుకి తీసుకెళ్ళాను. ఇనుప రాయి నింపుకున్న ఓడ ఒకటి, ఎదుటి కొండని కాసేపు మాయం చేసేస్తూ, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా మా ముందు నుంచి సముద్రంలోకి వెళ్ళింది. "ఇన్నేళ్ళూ కూతే విన్నానే, ఇంతుంటాదా!" అంది అమ్మ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. నేను మాత్రం ఓడని చూడలేదు, అమ్మనే చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు ఆశ్రమమంటే ఎవరూ ముక్కు మీద వేలేసుకోరు, నర్సులు ఫోను చేస్తే ఇంటికే వస్తారు, మంచిదే. కానీ ఆ రోజు మంచం మీది మనిషి తీర్పు చెబితే ఇంటిల్లిపాదీ లేచి నిలబడ్డాం. ఇవాళ మేమంతా కుర్చీల్లో కూర్చుని తేలుస్తున్నాం, ఏది కావాలని అడిగితే అమ్మ "మీకేది వీలైతే అదే" అని, మా మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది.