నాలుగో నెల

లాండ్రీలో ఆమెను అందరూ మడతక్క అనేవారు. హోటళ్ళ నుంచీ ఆసుపత్రుల నుంచీ వచ్చే దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద లాండ్రీ అది. తడి దుప్పటిని ఒకవైపు అందిస్తే, మంచమంత వెడల్పున్న వేడి రోలర్ల మధ్య నుంచి రెండోవైపు పొగలు కక్కుతూ చదునుగా వస్తుంది. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు చెరో అంచూ పట్టుకుని మడత పెట్టాలి. పన్నెండేళ్ళుగా మడతక్క పని అదే. ఆమె వేసిన మడతలో ఏ మూలా వెంట్రుకవాసి కూడా పక్కకు జరగదని సూపర్‌వైజరు కొత్తవాళ్ళకు తెచ్చి చూపించేవాడు.

ముప్పై మూడో ఏట స్నానం చేస్తుంటే తొడ మొదట్లో మెత్తటి గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. ఒకరికి చెప్పుకునే చోటు కాదు. ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. కూర్చుంటే ఒరుసుకోవడం మొదలయ్యాక భర్తకు చెప్పింది. అతను ఆ లాండ్రీలోనే వ్యాన్ డ్రైవరు. దగ్గర్లో ఉన్న డాక్టరు నీటిగడ్డ అని కోసి తీసేశాడు. ఏడాదిన్నర తిరగకుండా అదే చోట, ఇంకా పెద్దదిగా వచ్చింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ స్కాన్ చూపించింది. చేతికి తగిలేది కొస మాత్రమే. మిగిలినదంతా లోపల, మూత్రాశయాన్ని పక్కకు నెట్టి పేగు వెనక దాకా సాగి ఉంది.

"క్యాన్సరా డాక్టరు గారూ?" అన్నాడు భర్త.

"కాదు. వేరే చోటికి పాకే రకం కాదు. కానీ కోసినకొద్దీ మళ్ళీ వస్తుంది. మొత్తం తీయాలంటే మూత్రాశయం, పేగు దెబ్బతింటాయి. చాలా అరుదైన గడ్డ. నా సర్వీసులో ఈవిడ రెండో మనిషి." మడతక్క వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "ఆడవాళ్ళ ఒంట్లో ఉండే హార్మోనే దీనికి తిండి. ఆ తిండి ఆపితే కుంచించుకుపోవచ్చు. నెలకొక ఇంజెక్షన్. అండాశయాలు పని మానేస్తాయి, నెలసరి ఆగిపోతుంది."

"పిల్లలు?" అంది మడతక్క. పెళ్ళయి అప్పటికి ఆరేళ్ళు, ఇంకా పిల్లల్లేరు.

"ఇంజెక్షన్లు నడిచినంత కాలం కుదరదు."

"ఎంతకాలం?"

"ఆపితే మళ్ళీ పెరగొచ్చు. ఇన్నాళ్ళని చెప్తే అది అబద్ధమవుతుంది."

మొదటి ఇంజెక్షన్ ఆ వారమే పడింది. లావుపాటి సూదితో పొట్ట చర్మం కింద బియ్యపుగింజంత మందు పెట్టారు. రెండో నెలకల్లా నెలసరి ఆగింది, ఆవిర్లు మొదలయ్యాయి. ఛాతీ దగ్గర పుట్టిన వేడి మెడ మీదుగా చెవుల దాకా ఎగబాకేది. ఒక్క నిమిషంలో జాకెట్టు తడిసి ముద్దయ్యేది, వెంటనే చలి. ఇంట్లో ఆమె ఆడపడుచుది కూడా సరిగ్గా అదే పరిస్థితి. యాభైకి దగ్గర పడిన మనిషి. వదినా మరదళ్ళు ఒకే ఫ్యాను కింద కుర్చీలు వేసుకునేవారు.

"నేను యాభై ఏళ్ళు నడిచి వచ్చిన చోటికి నువ్వు ఒక్క సూదితో వచ్చేశావే," అనేది ఆడపడుచు.

"మీరు ముందుకెళ్ళిపోతారు వదినా. నేనిక్కడే ఉంటాను."

ఆ మాటకు ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆడపడుచు లేచి ఫ్యాను వేగం పెంచింది.

ఇంట్లో ఫ్యాను ఉంది. రోలరు దగ్గర ఏముంది? బయటి వేడీ లోపలి వేడీ కలిసినప్పుడు అంచు వదిలేసి పారిపోవాలనిపించేది. వదిలితే దుప్పటి యంత్రంలో చుట్టుకుంటుంది. దుప్పట్లు రకాలవారీగా వేరుచేసే చల్లటి సార్టింగ్ గదికి మార్చమని అడగవచ్చు. అడిగితే డాక్టరు చీటీ తెమ్మంటారు. చీటీలో గడ్డ ఎక్కడుందో ఉంటుంది. ఆ చీటీ సూపర్‌వైజరు బల్ల మీద, అందరూ టీ తాగే చోట పడి ఉంటుంది. అందుకే పళ్ళ బిగువున అంచు పట్టుకుని నిలబడింది.

ఎదుటి అంచు పట్టుకునే ఆవిడను రేడియో అనేవారు. ఎందుకో చెప్పనక్కర్లేదు. నెలనెలా ఆసుపత్రి, ముఖం ఎర్రబడటం, కాస్త ఒళ్ళు చేయడం ఆవిడ గమనిస్తూనే ఉంది.

ఒకరోజు భోజనాల దగ్గర పదిమందిలో అడిగేసింది. "దాచింది చాల్లే. ఎన్నో నెల?"

మడతక్క ముద్ద మింగి "నాలుగు," అంది. ఇంజెక్షన్లు మొదలై నాలుగో నెల. అది అబద్ధం కాదు. కానీ అప్పటికే ఎవరో ఆమె భుజాలు పట్టుకుని ఊపుతున్నారు, ఎవరో నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆ సందట్లో ఇంకో మాటకు చోటు లేకపోయింది.

మర్నాడే సూపర్‌వైజరు ఆమెను సార్టింగ్ గదికి మార్చాడు. చల్లటి గది, కూర్చోవడానికి కుర్చీ. బరువు మోయవద్దని ఒకరూ, నీళ్ళు తాగమని ఒకరూ. ఆ కుర్చీలో ఆమె ఒళ్ళు చల్లబడింది. కానీ ఎన్నాళ్ళు గడిచినా పొట్ట పెరగదు. గడ్డ తగ్గుతోందని స్కాన్ చెబుతోంది. ఇంట్లో అది శుభవార్త, ఇక్కడ తప్పు. నిజం చెబితే కుర్చీ పోతుంది, చెప్పకపోతే రోజుకో పేరు వినాలి. బిడ్డకు పెట్టమని అప్పటికే మూడు పేర్లు తెచ్చారు. ఆ మూడింటిలో ఒకటి ఆమెకు నచ్చింది. అదే భరించలేకపోయింది.

మూడు వారాల తర్వాత, మనిషి తక్కువైన రోజున, తనే వెళ్ళి రోలరు దగ్గర రేడియోకి ఎదురుగా అంచు పట్టుకుంది. దుప్పటి మడతలో ఇద్దరూ ఎదురెదురుగా వచ్చి చేతులు కలుపుకుని మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. చేతులు కలిసినప్పుడల్లా ఒక్కో మాట చెప్పింది.

"నాకు కడుపు కాదు."

"గడ్డ. తొడ మొదట్లో."

"ఎక్కడుందో చెప్పడానికి సిగ్గేసింది."

"నా అంతట నేను అందరికీ చెప్పలేను. నువ్వే చెప్పు."

సాయంత్రానికి లాండ్రీ అంతా తెలిసిపోయింది. కానీ నడుము లోపల గడ్డ అనే తెలిసింది. చోటు రేడియో మార్చేసింది.

సూపర్‌వైజరు మాత్రం "కడుపుతో ఉన్నవాళ్ళకైతే రూలుంది. గడ్డలకి లేదుగా," అన్నాడు. గడ్డ సంగతి ఎటూ తెలిసిపోయింది గనక, చోటు రాసి ఉన్నా సరే, ఆమె చీటీ తెచ్చి బల్ల మీద పెట్టింది. అతను చదివాడు. తలెత్తకుండానే, సార్టింగ్‌లోనే ఉండమన్నాడు.

రెండో ఏడు దాటేసరికి గడ్డ సగమైంది. ఎముకలు పలచబడుతున్నాయని పరీక్షలో తేలింది. ఒకసారి ఆపి చూస్తామని, బిడ్డ కోసం ప్రయత్నిస్తామని భార్యాభర్తలిద్దరూ అడిగారు. కడుపు వస్తే గడ్డ వేగంగా పెరగొచ్చని హెచ్చరించి డాక్టరమ్మ ఒప్పుకుంది. నెలసరి తిరిగి వచ్చిన రోజు మడతక్క పండగ చేసుకుంది. ఏడు నెలలు చూశారు. కడుపు రాలేదు, గడ్డ పెరిగింది. స్కాన్ కాగితం చేతికిచ్చాక ఆమె భర్త వ్యాన్‌లో ఇంటి మలుపు దాటించి చాలాదూరం పోనిచ్చాడు. ఆమె కూడా మలుపు దాటిందని చెప్పలేదు.

ఇంజెక్షన్లు మళ్ళీ మొదలయ్యాయి.

మొన్న ఆసుపత్రిలో, తెర వెనక నుంచి బయటికి వస్తుంటే, డాక్టరమ్మ ఒక అమ్మాయిని చూపించి కాస్త మాట్లాడమంది. ఆవిడ సర్వీసులో ఈ గడ్డ వచ్చిన మూడో మనిషి. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఫైలు గుండెకు హత్తుకుని కూర్చుంది.

"మెడ దాకా గుండీలున్న బట్టలు వేసుకోకు," అంది మడతక్క పక్కన కూర్చుంటూ. "ఎక్కడని అడిగితే నడుమని చెప్పు. కాల్షియం బిళ్ళలు మానకు. పని చేసుకోవచ్చు, నేను చేసుకుంటున్నాను."

"ఎప్పుడు ఆపుతారక్కా?"

ఆమె డాక్టరమ్మ గది వైపు చూసింది. తలుపు మూసి ఉంది.

"నాకూ తెలీదమ్మా. వచ్చే నెల ఆరో తారీఖున నేనిక్కడే ఉంటాను. నువ్వూ అదే రోజు పెట్టించుకో."