ఎడమవైపు కూర్చుని చెప్పిన మాట

నర్సు చెంప మీద దెబ్బ పడుతుంటే మీరెప్పుడైనా చూస్తూ నిలబడ్డారా? నేను నిలబడ్డాను. అందుకే మొన్న మంగళవారం మా పక్కింటి అక్క గుండె ఆగి పోయిందని తెలిసినప్పుడు, ఇన్ని ఊళ్ళలో వాక్యం చెప్పిన నేను బైబిలు మూసి పక్కన పెట్టాను.

అక్క టౌనులో ఒక ఆసుపత్రిలో నర్సు. మా ఊరు అరియాంకుప్పం నుంచి రోజూ బస్సులో వెళ్ళేది. గుర్తింపు కార్డు మెడలో వేసుకునేది కాదు, పిన్నీసుతో జేబుకు గుచ్చుకునేది. మెడలో తాడు ఉంటే పట్టుకుని లాగుతారని ఆమెకు తెలుసు. కొత్తగా చేరిన పిల్లలకు సూది వేయడం కంటే ముందు ఇది నేర్పేది: "తలుపు నీ ఎనకుండేటట్టు నిలబడు పాపా. అరిసేవాడికి ముందు కుర్చీ ఎయ్యి. కూర్చున్నోడు తొందరగా కొట్టడు."

ఆ రోజు కుర్చీ వేసేంత వ్యవధి లేకపోయింది. నేను ఆమె వార్డులోనే పక్క మంచం దగ్గర ఒక రోగి కోసం ప్రార్థిస్తున్నాను. తండ్రి పోయాడని విన్న కొడుకు ఆమెను కొట్టాడు. చప్పుడుకు కళ్ళు తెరిచాను. కదల్లేదు. బైబిలు కథలో, దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ణి చూసి పక్కగా వెళ్ళిపోయిన యాజకుణ్ణి ఎన్ని కూటాల్లో చీల్చి చెండాడానో. ఆయనకు కనీసం కాళ్ళయినా ఆడాయి.

అంతటితో ఆగినా బాగుండేది. కొట్టినవాడు మన ప్రార్థన కూటం వాడే. మరునాడు అరటిపండ్లతో అతన్ని అక్క ఇంటికి తీసుకుపోయాను. ఆమె పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలని, రెండో చెంప చూపమన్న వాక్యం తెరిచి చదివాను.

"దెబ్బ తిన్నది నేను. మన్నించేది నువ్వా తమ్ముడా?" అంది అక్క.

"బిడ్డలున్నోడక్కా. జైలుకు పోతే వాడి ఇల్లేం గావాల?"

"రేపు నేను మళ్ళా ఆ వార్డుకే పోవాల గదా. నేనేం గావాల?"

నేను కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు ఆమె సంతకం పెట్టింది. దెబ్బ పడిన ఆ ఎడమ చెవికి మళ్ళీ వినపడలేదు.

తర్వాత కూడా నన్ను చూస్తే, "ఏంది తమ్ముడా, ఈ పొద్దు ఎవురిని నరకానికి పంపిచ్చినావు?" అని నవ్వేది, కుడి చెవి నావైపు పెట్టి. ఒకసారి బస్సులో ఆమె పక్కన చోటు దొరికింది. "నేను తప్పు చేసినానక్కా, మన్నించు" అన్నాను. ఎడమవైపు కూర్చున్న సంగతి మరిచిపోయాను. ఆమె తల పూర్తిగా తిప్పి, "ఏందీ? మళ్ళా చెప్పు" అంది.

"ఏం లేదక్కా. బస్సు నిండిపోయిందంటా ఉండా."

రెండోసారి చెప్పాల్సిన ఆ మాట ఇప్పుడిక ఎవరికి చెప్పను?

పోయిన వారం అదే వార్డులో, అక్క పని నేర్పిన చిన్న నర్సు చేతిని ఒకడు మెలితిప్పి విరిచాడు. ఈ సాయంత్రం ఐదు గంటలకు మన కూటం పెద్దలు అరటిపండ్లతో ఆ పిల్ల ఇంటికి రాజీకి వెళుతున్నారు. ప్రార్థనకు నన్ను రమ్మన్నారు. వద్దన్నాను, బతిమాలాను. "యాడ నేర్చుకున్యాం ఇది? నీ దగ్గరే గదయ్యా" అన్నారు. ఒక్కణ్ణే వాళ్ళను ఆపలేను.

ఈ కాగితం అందినవాళ్ళు, తెలుగు చదవడం రానివాళ్ళకు చదివి వినిపించండి. ఆ పిల్ల చెయ్యి విరిచిన రోజు వార్డులో ఉన్నవాళ్ళు చూసింది చూసినట్టు రాసి తీసుకురండి. ఆ పిల్ల గడప ముందు నేను నిలబడి ఉంటాను. అక్క ఆ బస్సు సీట్లో తల తిప్పి, కుడి చెవి నావైపు పెట్టి, ఇంకా నా మాట కోసం చూస్తూనే ఉంది. ఈ రోజే రండి. ఐదు కొట్టకముందే రండి.