గీత కాడ జెండా లేసిన ఆదివారం

మంథనిల పుట్టిన నేను లగ్గమైనంక గోదారి దాటి, ఆదిలాబాద్ జిల్లాల బొగ్గుబాయి కాడి క్వార్టర్లకు కాపురమొచ్చిన. నిజాం రాజ్యం పోయి కొన్నేండ్లే అయింది. అక్కడ ఆదివారమంటే ఫుట్‌బాలే. వారమంత భూమి లోపల నడుం వంచి, పని చేయించే సర్దార్ నోట అవ్వ మీది తిట్లు పడ్డోళ్లకు తలెత్తుకునే చోటు ఆ మైదానమొక్కటే. ఓడితే తట్టుకోకపోదురు. పైగ ఒక పాడు ఆనవాయితీ ఉండె. గెలిచినోళ్లు ఓడినోళ్ల మీద గాజులు విసురుదురు. అమ్మవారికి భక్తితోని పెట్టే గాజు మొగోని మీద పడితే సావుకన్న అవమానమెట్లయిందో, నాకు ఇప్పటికీ సమజ్ కాదు.

ఆ ఆదివారం కాగితం మిల్లు జట్టు వచ్చింది. మా ఆయన ఆడెటోడు కాదు. గీత పొంటి నిలవడి, బంతి బయటికి పోతే జెండా లేపుడు ఆయన పని. అబద్ధమాడడని రెండు దిక్కులోళ్లు ఒప్పుకున్నరు. మేం ఒక గోలు వెనుకవడి ఉన్నం. ఆట అయిపోతదనంగ మావోళ్లు గోలు కొట్టిన్రు. మైదానం దద్దరిల్లింది. చూస్తే మా ఆయన జెండా లేసే ఉంది. గోలుకు ముందే బంతి గీత దాటిందట. గోలు చెల్లలే, ఓడినం.

మిల్లోళ్లు సంచులు విప్పిన్రు. "తొడుక్కోన్రి బిడ్డా! మీ చేతులకు మంచిగ నప్పుతయి!" ఎర్రవి, పచ్చవి, గాజులన్నీ మావోళ్ల నెత్తుల మీద పగిలినయి. విసిరినోళ్లు లారీ ఎక్కి పోయిన్రు. చేతికి దొరికింది మా ఆయన.

"మనోనివై ఉండి మనకే గాజులు తొడిగిస్తవారా?" అని మొదటి దెబ్బ కొట్టింది మా పక్క క్వార్టరాయనే. పొద్దున మా ఇంట్ల చాయ్ తాగిన మనిషి. జెండా కట్టె గుంజుకొని, దానితోనే నెత్తి పగులగొట్టిండు. ఇగ గుంపంత మీదవడ్డది. గాజుపెంకల మీద బోర్లవడ్డ మనిషిని బూట్లతోని తన్నిన్రు. చెయ్యి ఇరిగిన సప్పుడు నాకు ఇనవడ్డది. ఎవడో బండరాయి ఎత్తిండు.

కాళ్లు పట్టుకున్న, మొక్కిన. ఒక్కనికీ ఇనవడలే. రాజన్న దేవుడా, నువ్వే దిక్కనుకున్న. అప్పుడు నా నోట్లకెల్లి వచ్చిన కేక ఆ దేవుడు ఇచ్చిందే.

"మనిషి కిందున్నడూ!"

బాయిల పైకప్పు కూలినప్పుడు ఏసే కేక అది. ఇన్నోడు ఎంత పగోడైన చేతిలది పారేసి ఉరకాలె, రాళ్లు తియ్యాలె. బండెత్తినోడు బండ పక్కకు పడేసిండు. తన్నినోళ్లే వంగిన్రు. "తలకాయ పట్టు. మెల్లగ రా బయ్! నడుం కింద చెయ్యి పెట్టు" అనుకుంట లేపిన్రు.

నులక మంచం మీద దవాఖానకు మోసుకపోతుంటే, పక్కన ఉరుక్కుంట ఆ చేతులకు దండం పెట్టిన. కొట్టిన చేతులని ఎరుకే. అయినా పెట్టిన. ముందటి కోడు భుజాన ఎత్తుకున్న పక్క క్వార్టరాయన ఉండవట్టలేక అడిగిండు.

"అన్నా, ఇప్పుడన్న నిజం చెప్పు. బంతి బయటికి పోయిందా?"

వద్దని సైగ చేసిన. మా ఆయన నోట్ల నెత్తురు ఊంచి, "పోయింది తమ్మీ" అన్నడు.

మంచం దించుతరనుకున్న. పక్క క్వార్టరాయన పండ్లు పటపట కొరికిండు. భుజం మార్చుకున్నడు, నడిచిండు.