స్టెల్లా కారు అరుపు

డన్‌ఫీల్డ్‌లో కారు జబ్బు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు నోటితో కూసి చూపిస్తారు. ఒకరు "కర్ కర్ కర్, తర్వాత టప్పున" అంటారు, ఇంకొకరు పళ్ళు బిగించి గుర్రుమంటారు. గోధుమ గిడ్డంగి మేనేజరైనా, బడి పంతులమ్మైనా కార్లు బాగుచేసే వెర్నా పాల్చుక్ షెడ్డులో కౌంటరు ముందు నిలబడి ఆ కూత కూయాల్సిందే. వెర్నా నవ్వదు. నవ్వే ఓపిక ఎప్పుడో అయిపోయింది. తల పక్కకి వాల్చి విని, "స్టార్టరు" అనో, "సైలెన్సరు మీది రేకు వదులైంది" అనో చెప్పి, చేతులు తుడుచుకుని పనిలో పడుతుంది. ఊళ్ళో ఆమె చెవికి అంత పేరు.

జనవరిలో ఒకరోజు, చర్చిలో పాటల బృందాన్ని నడిపే స్టెల్లా వచ్చి గాజు మీద మేకు గీసినట్టు కీచుమంది.

"పాటల సాధన అయ్యాక చర్చి దగ్గర కారు తీస్తే ఇదీ వరస. కాసేపు అరిచి నోరు మూసుకుంటుంది. ఈలోపు ఊరంతా నన్నే చూస్తుంది. మొన్న పాస్టరుగారు, ఇంకా ఎవరమ్మా పాడుతున్నారూ అనడిగారు."

"ఇంటి దగ్గర?"

"ఇంటి దగ్గర మహా బుద్ధిమంతురాలు. నా పరువు తీయాలంటే నలుగురూ ఉండాలి దానికి."

"ఇప్పుడు ఇంజను వేడిగా ఉంది, ఏమీ తెలీదు. రాత్రంతా చలిలో పడుంటే, పొద్దున మొదటిసారి తాళం తిప్పినప్పుడు దాని గుట్టు బయటపడుతుంది. వదిలేసి వెళ్ళు," అంది వెర్నా.

మర్నాడు వెర్నా వచ్చేసరికి, ఎప్పటిలాగే మొగుడు లయల్ షెడ్డు తెరిచి కాఫీ కాచి ఉంచాడు. మంచులో నిలబడ్డ కారెక్కి తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. అరుపు లేదు. ఆ మర్నాడూ అంతే. స్టెల్లా ఫోన్ చేసి, "విన్నావా?" అంటే, "ఇంకో రోజు చూద్దాం," అని పెట్టేసింది.

నిరుటి చలికాలం నుంచి వంటింట్లో కెటిల్ ఈల వెర్నాకి వినబడడం లేదు. మూత ఎగిరిపడుతుంటే చూసి పొయ్యి కట్టేస్తోంది. ఆ సంగతి లయల్‌కి చెప్పలేదు. ఇప్పుడీ అరుపు కారులోనే లేదా, ఉన్నా తన చెవిదాకా రావడం లేదా? చెవి పోయిన మెకానిక్కుకి ఈ ఊళ్ళో ఎవరు కారిస్తారు? షెడ్డు మూస్తే మరో పని చేతకాదు. పడుకుంటే నిద్ర లేదు.

మూడోరోజు నిద్రపట్టక, రోజూ వచ్చే వేళకంటే ముందే వచ్చేసింది. లయల్ షెడ్డు ముందున్న కరెంటు ప్లగ్గుల స్తంభం దగ్గర వంగి ప్లగ్గు పీకుతున్నాడు. ఆ తీగ రెండో కొస స్టెల్లా కారు ముక్కులోంచి వేలాడుతోంది. ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా వెచ్చబెట్టే తీగ అది.

"రోజూ పెడుతున్నావా?"

"పెట్టకపోతే ఎలా?"

"చలిలో పడుండాలని చెప్పానా లేదా?"

"బయట ఉంచమన్నావు, ఉంచాను. ప్లగ్గు పెట్టొద్దన్నావా? పరాయివాళ్ళ బండి, చలికి బిగుసుకుపోతే ఏం సమాధానం చెప్తాం?"

అతన్ని అని లాభం లేదు. చలికాలంలో ఆ ఊళ్ళో కారు ఆపిన మనిషి చెయ్యి దానంతటదే ప్లగ్గు దగ్గరికి పోతుంది. ఇంటి దగ్గర స్టెల్లా చేసేదీ అదే. చర్చి ముందు మాత్రం ప్లగ్గుల స్తంభాలు లేవు. ఆ మాట ఇన్ని రోజులూ వెర్నాకీ తట్టలేదు. ఇంజను వెచ్చగా ఉందన్నమాట, తన చెవి బాగానే ఉందన్నమాట. మంచులోనే నిలబడి పగలబడి నవ్వింది. ఆ రాత్రి లయల్ ఉల్లిపాయలేసి వేయించిన, బంగాళదుంప కూరిన పెరోగీలు మారు వడ్డించుకుని తింది.

కారుకి ప్లగ్గు పెట్టనివ్వకుండా రాత్రంతా చలిలో ఉంచి, మర్నాడు స్టెల్లాని పిలిపించి తాళం తిప్పమంది. తను బానెట్ ఎత్తి ఇంజను మీదికి వంగింది. ఇంజను మూలిగి, దగ్గి, అందుకుంది. వెర్నాకి దాని దడదడ తప్ప ఏమీ వినిపించలేదు. తలెత్తి చూస్తే స్టెల్లా రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది. లయల్ మొహం చిట్లించాడు. ఎదురింటి కుక్క లేచి నిలబడింది.

"విన్నావా?" అంది స్టెల్లా, అరుపు ఆగాక.

"విన్నాను," అని వెర్నా అబద్ధమాడింది.

పొడుగాటి స్క్రూడ్రైవరు పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి, మొనని ఒక్కో భాగం మీదా పెట్టి చూసింది. బెల్టును నొక్కి పట్టే చిన్న చక్రం దగ్గర ఎముకలోకి గరగర పాకింది. ఆ మాత్రానికి చెవితో పనిలేదు. చక్రం లోపల గ్రీజు ఎండిపోయింది. మధ్యాహ్నానికల్లా కొత్తది వేసింది. అయినా చలిలో ఇంకో రాత్రి ఉంచి చూస్తే తప్ప బాగైందని చెప్పలేరు. ఈసారీ ప్లగ్గు పెట్టకుండా లయల్ చేతులు జేబుల్లో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

పొద్దున్నే లయల్ కారు పక్కన నిలబడితే, వెర్నా తాళం తిప్పింది. ఇంజను నడుస్తోంది. అరుపు పోయిందో, ఉందో, ఆమెకి తెలియడం లేదు. పోయిందని చెప్పి పంపేస్తే, స్టెల్లా మళ్ళీ నలుగురిలో నవ్వులపాలు కావచ్చు. ఇక దాచే ఓపిక లేక అద్దం దించింది.

"లయల్, పోయిందా?"

"ఏది?"

"అరుపు."

లయల్ ఆమె మొహంలోకి చూశాడు. "పోయింది," అన్నాడు. మళ్ళీ గట్టిగా, "పోయింది," అన్నాడు.

"అరవకు. నీ గొంతు వినబడుతుంది. కీచుమనేవే వినబడవు."

"ఎప్పట్నుంచి?"

"నిరుడు."

అతను తిట్టలేదు, జాలిపడలేదు. ఆ చలిలో చెవుల మీది టోపీ తీసేసి, బానెట్ కింద తలపెట్టాడు.

"ఆపి మళ్ళీ తిప్పు. ఈసారి సరిగ్గా వింటా."

ఒకసారి నడిచి వేడెక్కాక రెండోసారి ఎలాగూ అరవదని ఇద్దరికీ తెలుసు. ఇక నటించక్కర్లేదని వెర్నాకి ఏడుపొచ్చింది. చేతి తొడుగుతో ముక్కు తుడుచుకుని, మళ్ళీ తాళం తిప్పింది.